కాళ్ల వాపుకు బిళ్ల అడిగే ముందు మూత్ర పరీక్ష అడుగుదాం

పోస్టు పెద్దది. ఓపిగ్గా చివరిదాకా చదవండి. వీలైతే ఇంట్లో అమ్మకు, నాయనకు చదివి వినిపించండి.

మేము అనుమసముద్రంపేట, ఆత్మకూరు, ఉదయగిరి పక్క ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలం. మాలో యానాదులు, ఎరుకలోళ్లు, సుగాలీలు ఉన్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకని ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగలేకపోయినా ఫోను మాకే వస్తది. "చదువుకుంటున్నావు గదా, ఈ బిళ్ల దేనికో చెప్పబ్బా" అని మందు అట్ట ఫొటో తీసి పంపిస్తారు. మేము డాక్టర్లం కాదు. కానీ సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా కాలనీలో ఒకే మాట మళ్లీ మళ్లీ వింటా ఉన్నాం. కాళ్లకు నీరు దిగింది. పొద్దున లేస్తే మొహం ఉబ్బుతా ఉంది. పొట్టలో నీరు చేరింది. ఆ మాట తర్వాత వినేది కూడా ఒకటే: "ఏదో ఒక బిళ్ల తెచ్చి వేసుకుంటే దిగిపోతది."

మేము ఈ పోస్టులో అడిగేది ఒకటే. వాపు కనపడితే ముందు బిళ్ల అడగొద్దు. ఎందుకు వచ్చిందో అడుగుదాం. దానికి మొదటి మెట్టు మూత్ర పరీక్ష, బీపీ. ఆ రెండూ మన కాలనీలోనే దొరికేటట్టు మనమే అడిగి తెచ్చుకుందాం.

వాపును చూసి బలుపు అనుకోవడం

ఈ సామెత అందరికీ తెలుసు. ఎదుటోళ్లను ఎగతాళి చేయడానికి వాడతాం. కానీ మన ఇళ్లల్లో ఇది నిజంగానే జరుగుతా ఉంది. కడుపునిండా తినడమే గొప్పగా బతికిన జనం మనం. ఎవరి మొహం కాస్త గుండ్రంగా అయినా "ఒళ్లు చేశాడు, బాగుండాడు" అని సంతోషపడతాం.

నెలలు నిండుతున్న ఆడబిడ్డ మొహం, చేతులు ఉబ్బితే "బిడ్డ బాగా ఎదుగుతా ఉంది" అంటారు. నొప్పులకు వారం వారం సూది వేయించుకునే తాత బుగ్గలు నిండితే "సూది ఒంటికి పట్టింది" అంటారు. ఆ సూదిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. అది ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతది, మొహాన్ని గుండ్రంగా చేస్తది.

అన్నిటికంటే బాధ కలిగించేది చంటిపిల్లల సంగతి. తిండి చాలక బిడ్డ రెండు పాదాలకూ నీరు దిగితే, అంగన్‌వాడీ తూకంలో ఆ నీటి బరువు కూడా కలుస్తది. కాగితం మీద బిడ్డ పర్వాలేదన్నట్టు కనపడతది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నియమం పెట్టింది. వేరే జబ్బు లేకుండా బిడ్డ రెండు పాదాలూ నొక్కితే గుంట పడేటట్టు ఉబ్బి ఉంటే, తూకం ఎంత చూపించినా దాన్ని తీవ్రమైన పోషకాహార లోపంగానే లెక్కేయాలి. ఈ జబ్బుకు డాక్టర్లు వాడే పేరు క్వాషియోర్కర్. ఆఫ్రికాలోని ఘనాలో గా అనే భాష మాట్లాడే జనం పెట్టిన పేరు అది. వెనక ఇంకో బిడ్డ పుట్టగానే తల్లిపాలు దూరమైన పెద్ద బిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ 1930లలో అక్కడి తల్లుల నోట విని దాన్నే వైద్య పుస్తకాల్లోకి ఎక్కించింది. ఏడాది తిరక్కుండానే తమ్ముడో చెల్లెలో పుట్టి చంకదిగిన బిడ్డలు మన కాలనీల్లో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు.

ఈ నీరు యాడ నుంచి వస్తది

మన ఒంట్లో సగం కంటే ఎక్కువ నీరే. ఆ నీరు రక్తనాళాల్లో నుంచి కొంచెం కండలోకి ఊరుతది, మళ్లీ వెనక్కి పోతది. పొలంలో కాలవ, గట్టు, మురుగుకాలవ సరిగ్గా ఉన్నంతసేపు చేను మునగదు గదా, అట్టాగే. ఎక్కడో ఒకచోట తేడా వస్తే నీరు కండలో నిలిచిపోతది. అదే వాపు. తేడా వచ్చే చోట్లు ఇవి.

గుండె: తోడే మోటారు బలహీనమైతే నీరు వెనక్కి తంతది. సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతాయి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తది. రెండు మూడు దిండ్లు పెట్టుకుంటేనే నిద్ర పడతది.

కిడ్నీ: మన రెండు కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడకట్టి, దాంట్లో ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా వదిలి మిగిలిందంతా ఒంటికి తిరిగి ఇస్తాయి. జల్లెడకు చిల్లి పడితే మాంసకృత్తు మూత్రంలో కారిపోతది. నీటిని రక్తంలో పట్టి ఉంచేది ఆల్బుమిన్ అనే ఆ మాంసకృత్తే. అది పోతే నీరు కండలోకి దిగుతది. పొద్దున్నే కంటి రెప్పలు ఉబ్బడం, మూత్రం నురగగా పోవడం దీని గుర్తులు.

కాలేయం: ఆల్బుమిన్‌ను తయారు చేసేది అదే. అది గట్టిపడిపోతే పొట్టలో నీరు చేరతది. సారా, మందు ఏళ్ల తరబడి తాగినోళ్లకు, కొన్ని రకాల కామెర్లు ముదిరినోళ్లకు ఇది వస్తది.

రక్తం: హిమోగ్లోబిన్ ఆడోళ్లకు 12, గర్భిణికి 11 ఉండాలి. 7 కంటే తగ్గితే చాలా ప్రమాదం. మరీ తగ్గితే గుండె మీద భారం పడి కాళ్లు, మొహం ఉబ్బుతాయి. మన పెద్దోళ్లు ఉబ్బు కామెర్లు అని చేతికి వాతలు పెట్టించేది చాలాసార్లు దీనికే. వాత వేస్తే రక్తం పెరగదు.

ఇంకా ఉన్నాయి. పొద్దస్తమానం ఇటుక బట్టీలోనో, పొగాకు బ్యారన్ దగ్గరో నిలబడి పనిచేసినోళ్లకు సాయంత్రం కాళ్లు బరువెక్కుతాయి, రాత్రి పడుకుంటే తగ్గుతాయి. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ బిళ్లకు కూడా కొందరికి చీలమండలు ఉబ్బుతాయి. అట్టాంటప్పుడు బిళ్ల సొంతంగా ఆపొద్దు, డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి. ఒక కాలే ఉబ్బితే దారి వేరు. దోమ కుట్టుడుతో వచ్చే బోదకాలు, చీము పట్టిన పుండు, నరంలో రక్తం గడ్డకట్టడం, పాముకాటు ఇట్టాంటివి చూడాలి. పిక్క నొప్పి పెట్టి ఒక్క కాలే గబుక్కున ఉబ్బితే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోతది.

చూశారుగా. ఒకే వాపు, వెనక ఇన్ని కారణాలు. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి విషం. అందుకే "వాపుకు బిళ్ల" అనే మాటే తప్పు అంటున్నాం.

చెంచా, కొవ్వొత్తి

లండన్‌లో గైస్ ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ అని ఒక డాక్టరు ఉండేవాడు. ఒళ్లంతా నీరు పట్టి వచ్చే రోగుల మూత్రాన్ని ఒక చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద కాచేవాడు. కొందరి మూత్రం గుడ్డు తెల్లసొన లాగా గడ్డకట్టేది. ఆ రోగులు చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు పాడై ఉండేవి. అట్టా వాపుకూ కిడ్నీకీ ఉన్న లంకె బయటపెట్టి 1827లో పుస్తకంగా అచ్చేశాడు. కరెంటు బల్బు కూడా లేని కాలం అది.

ఇప్పుడు చెంచా అక్కర్లేదు. ప్లాస్టిక్ స్ట్రిప్పు ఒకటి మూత్రంలో ముంచితే, నిమిషం లోపల రంగు మారి ఆల్బుమిన్ పోతుందో లేదో చెప్తది. డబ్బాలో వంద స్ట్రిప్పులు వస్తాయి. ఒక్కోటి టీ ఖర్చు కూడా ఉండదు. రెండు వందల ఏళ్ల కిందట చెంచాతో చేసిన పరీక్ష ఇది. 2020లు దాటిపోతున్నా మా కాలనీల్లో జీవితంలో ఒక్కసారి కూడా ఈ పరీక్ష చేయించుకోని పెద్దోళ్లు ఉన్నారు. మా కోపం దీని మీదే.

మన పక్క ఏం జరుగుతా ఉంది

ఉదయగిరి పక్క మెట్ట ఊళ్లల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో మనుషులకు ఫ్లోరైడుతో ఎముకలు బిగుసుకుపోతున్నాయని 1937లో డాక్టర్లు రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. ఆ నీళ్లు తాగి, బరువులు మోసి, వంగి నాట్లేసి నలభై ఏళ్లకే నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. నొప్పికి డైక్లోఫెనాక్ బిళ్ల, లేకపోతే సూది. రోజు కూలి పోకూడదంటే పొద్దున బిళ్ల వేసుకునే పనికి పోవాలి. ఈ నొప్పి బిళ్లలు కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి, ఉప్పును ఒంట్లో నిలబెడతాయి. ఎండలో చెమట పట్టి, నీళ్లు సరిగ్గా తాగకుండా రోజూ మింగితే దెబ్బ ఇంకా ఎక్కువ. కొన్నాళ్లకు కాళ్లకు నీరు.

అప్పుడు ఆ నీటికి ఇంకో బిళ్ల. ఫ్యూరోసెమైడ్ అని రాసుంటది. మనోళ్లు నీళ్ల బిళ్ల అంటారు. రెండు రోజులు మూత్రం ధారగా పోయి కాళ్లు తగ్గుతాయి. "బ్రహ్మాండంగా పనిచేసింది" అనుకుంటాం. గుండె జబ్బులో, కిడ్నీ జబ్బులో డాక్టర్లు కూడా ఇదే మందు రాస్తారు. అది చెడ్డ మందు కాదు. కానీ వాళ్లు కారణం తేల్చుకుని, రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ చూసుకుంటా రాస్తారు. చూడకుండా నెలల తరబడి మింగితే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతది. లోపల ఏ జబ్బు ఉందో అది మాత్రం పైకి కనపడకుండా పెరుగుతానే ఉంటది.

మూడోది సెలైన్. నీరసంగా ఉందంటే బాటిల్ ఎక్కించుకోవడం మన ఊళ్లల్లో మర్యాద లాగా అయిపోయింది. అర లీటరు సెలైన్ బాటిల్లో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటది. మనిషి రోజు మొత్తంలో తినాల్సిన ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తా ఉంది. వాంతులు, విరేచనాలతో ఎండిపోయిన మనిషికి ఆ బాటిల్ ప్రాణం పోస్తది. గుండె, కిడ్నీ బలహీనమై ఒళ్లు ఉబ్బిన మనిషికి అదే బాటిల్ ఊపిరితిత్తుల్లోకి నీరు తెచ్చి ప్రాణం తీయగలదు. "నీరసంగా ఉండాడు, ఒక బాటిల్ ఎక్కించండి" అని ఇంకెప్పుడూ మనమే అడగొద్దు.

గలిజేరాకు మాటేంది

ఈ పోస్టు చదివి మా పసర్లను తక్కువ చేస్తున్నారని పెద్దోళ్లు అనుకోవద్దు. గలిజేరాకు, అటికమామిడి వాపుకు ఇవ్వడం మనకు తరాల నుంచి తెలుసు. ఆయుర్వేదం అటికమామిడిని పునర్నవ అని పిలిచి ఇదే పనికి వాడతది. యానాదుల మూలికల తెలివి మీద చదువుకున్నోళ్లు పుస్తకాలే రాశారు.

ఇంగ్లండులో కూడా ఇట్టాగే జరిగింది. 1775లో విలియం విదరింగ్ అనే డాక్టరుకు ఒక ముసలావిడ రహస్యంగా ఇచ్చే వాపు కషాయం గురించి తెలిసింది. దాంట్లో ఇరవై రకాల ఆకులు ఉండేవి. పనిచేసేది ఫాక్స్‌గ్లోవ్ అనే ఒక్క ఆకేనని గుర్తుపట్టాడు. పదేళ్లు ఎవరికి ఎంత ఇచ్చింది, ఎవరికి తగ్గింది, ఎవరికి విషమైంది రాసిపెట్టుకుని 1785లో అచ్చేశాడు. ఆ జాతి మొక్క నుంచి వచ్చిన మందే డిగాక్సిన్. ఇప్పటికీ గుండె డాక్టర్లు రాస్తారు. ఆకు మందైంది కొలత వల్ల, రాత వల్ల. ఆ ముసలావిడ తెలివి లేకపోతే మందే లేదు. కొలత లేకపోతే అదే ఆకు విషం.

కాబట్టి గలిజేరాకు పప్పులో వేసుకుని తినేవాళ్లను మేము కాదనం. కానీ కిడ్నీ చెడిపోయిన మనిషి పొటాషియాన్ని బయటికి పంపలేడు. అట్టాంటి మనిషికి ఆకు పసర్లు గ్లాసులకు గ్లాసులు పోస్తే గుండె ఆగే ప్రమాదం ఉంది. కిడ్నీ బాగుందో చెడిందో ఆకు చెప్పదు, పరీక్ష చెప్తది. ఏఎస్ పేట దర్గాకు ఎక్కడెక్కడి నుంచో జబ్బులతో జనం వస్తారు. మన ఇళ్లల్లోనూ మొక్కులు ఉన్నాయి. మొక్కు మొక్కుకోండి, తాయెత్తు కట్టుకోండి. దాంతో పాటు ఒకసారి మూత్రం చూపించుకోండి.

పేరు లేని జబ్బుగా చచ్చిపోవద్దు

2016లో అప్పటి తూర్పు గోదావరి జిల్లా వి.ఆర్.పురం, చింతూరు, కూనవరం మండలాల్లో మన కొండరెడ్లు, కోయలు కాళ్లు ఉబ్బి ఒకరి వెనక ఒకరు చనిపోయారు. పేపర్లు "కాళ్లవాపు వ్యాధి", "అంతుచిక్కని వ్యాధి" అని రాశాయి. రోగం ముదిరాక కాకినాడ ఆసుపత్రికి తీసుకుపోయారు. రక్తహీనత, కిడ్నీలు, తాగుడు, తాగే నీళ్లు అని ఎన్నో కారణాలు మాట్లాడుకున్నారు.

మాకు ఆ పేరు మీదే అభ్యంతరం. కాళ్లవాపు అనేది జబ్బు పేరు కాదు. ఇల్లు కాలుతుంటే "పొగ ప్రమాదం" అన్నట్టు ఉంది. జబ్బుకు పేరు దొరకాలంటే మనిషి బతికున్నప్పుడు, ఇంకా నడుస్తున్నప్పుడు అతని బీపీ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత, మూత్రంలో ఆల్బుమిన్ ఉందా అని ఎక్కడో ఒక కాగితం మీద రాసి ఉండాలి. ఆ కాగితం లేకపోతే ఏ జబ్బయినా అంతుచిక్కదు. కొండ మీద ఉన్నోళ్ల జబ్బులే ఎందుకు అంతుచిక్కనివి అవుతాయో మనం అడగాలి.

శ్రీకాకుళం ఉద్దానంలో ఏళ్ల తరబడి జనం కిడ్నీలు పోగొట్టుకుంటా ఉన్నారు. ఇదీ కారణం అని ఇంకా గట్టిగా తేలలేదు. అయినా అక్కడ జనం అరిచారు, డాక్టర్లు గ్రామాలకు పోయి రక్తాలు తీశారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలో సుగాలీ తండాల్లో కూడా కిడ్నీ జబ్బులు ఇళ్లకు ఇళ్లే పట్టాయి. అక్కడా కుండబద్దలు కొట్టి అడిగాకే మంచినీళ్ల మాట కదిలింది.

ఉద్దానం నుంచి నేర్చుకోవాల్సిన ఇంకో సంగతి ఉంది. ఆ రకం కిడ్నీ జబ్బులో చివరిదాకా వాపు రాకపోవచ్చు. మూత్రంలో ఆల్బుమిన్ కూడా పెద్దగా కనపడకపోవచ్చు. కాబట్టి వాపు లేదంటే కిడ్నీ బాగున్నట్టు కాదు. నొప్పి బిళ్లలు ఎక్కువగా మింగినోళ్లు, బీపీ, షుగర్ ఉన్నోళ్లు వాపు లేకపోయినా ఏడాదికి ఒకసారి రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి.

మన రాష్ట్రంలో డయాలిసిస్ చేయించుకునేవాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛన్ ఉంది. ఇవ్వాల్సిందే, మంచిదే. కానీ ఆ దశ రాకముందే పట్టుకోగల స్ట్రిప్పు ఖరీదు కొన్ని రూపాయలు. ఈ లెక్క ఎవరికైనా అర్థమవుతది.

గర్భిణుల సంగతి విడిగా చెప్పాలి

మాలో ఒకరి పెద్దమ్మ కూతురికి ఏడో నెలలో మొహం, చేతులు ఉబ్బాయి. గాజులు బిగుసుకుపోయాయి. అందరూ దిష్టి తగులుద్దని మిరపకాయలు తిప్పారు. నాలుగు రోజులు తలనొప్పి అన్నది, కళ్లు మసకలన్నది. ఐదో రోజు ఫిట్స్ వచ్చాయి. 108లో తీసుకుపోతే ఆమె బతికింది, బిడ్డ బతకలేదు. తర్వాత ఆమె కార్డు తీసి చూశాం. మూత్రంలో ఆల్బుమిన్ అని రాసి ఉన్న గడులన్నీ ఖాళీ.

ఐదు నెలలు దాటాక పాదాలు కాస్త ఉబ్బడం చాలామందికి ఉండేదే. కానీ మొహం, చేతులు ఉబ్బడం, తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, బీపీ 140/90 దాటడం, ఇవి గుర్రపువాతానికి ముందు వచ్చే గుర్తులు. దీనికి నీళ్ల బిళ్ల మందు కాదు. ఆసుపత్రే దారి. ఫిట్స్ రాకుండా ఆపే సూది మందు ఉంది, బీపీ తగ్గించే మందులు ఉన్నాయి, అవసరమైతే కాన్పు చేస్తారు. ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూసే కార్యక్రమం 2016 నుంచి ఉంది. ఆ రోజు మన అక్కలను, వదినలను పంపించండి.

మన చేతిలో ఉన్నవి

వాపు కనపడితే ఇంట్లో ఈ పనులు చేయొచ్చు.

1. మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీయండి. గుంట అట్టాగే ఉంటే నీరు చేరినట్టు. రెండు కాళ్లూ నొక్కి చూడండి. పైకి స్పష్టంగా కనపడే సరికే ఒంట్లో రెండు మూడు లీటర్లు అదనంగా చేరి ఉంటదని డాక్టర్లు చెప్తారు.

2. పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా, ముందు మొహమా, కాళ్లా, పొట్టా, ఏ మందులు వాడుతున్నారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. మనోళ్లు అక్కడికి పోయి భయానికి నోరు తెరవరు. కాగితం మాట్లాడతది.

3. ఉప్పు తగ్గించాలి. మన దగ్గర ఉప్పు కూరలో కంటే ఎండుచేపల్లో, ఊరగాయలో, గోంగూర పచ్చడిలో, చిప్స్ ప్యాకెట్లో ఎక్కువ. వాపు ఉన్నోళ్లకు ఎండుచేపలు ఆపండి. తప్పదంటే నానబెట్టి రెండు మూడు నీళ్లు మార్చి కడగండి. సోడియం తక్కువని అమ్మే ప్రత్యేక ఉప్పులో పొటాషియం ఉంటది, కిడ్నీ జబ్బు ఉంటే దాన్ని వాడొద్దు.

4. నీళ్లు తాగడం సొంతంగా తగ్గించొద్దు, పెంచొద్దు. డాక్టరు కొలత చెప్తే ఆ కొలత పాటించండి.

5. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నోళ్లు పొద్దున్నే మూత్రానికి పోయొచ్చాక, ఏమీ తినకముందు అదే తూకం మీద బరువు చూసుకోండి. రెండు రోజుల్లో రెండు కేజీలు పెరిగితే అది తిండి బరువు కాదు, నీరు. వెంటనే చూపించుకోవాలి.

6. నిలబడే పనివల్ల వచ్చే వాపుకు పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండో, మడిచిన దుప్పటో పెట్టి ఎత్తులో ఉంచితే తగ్గుతది. ఆయాసం ఉన్నోళ్లు మాత్రం వెల్లకిలా పడుకోవద్దు. బోదకాలు ఉన్నోళ్లు రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టుకోవాలి. అది చేస్తేనే మాటిమాటికి జ్వరం, వాపు రావడం తగ్గుతది.

7. చిన్నపిల్లలకు పొద్దున కళ్లు ఉబ్బి, మూత్రం నురగగా పోతుంటే భయపడి వదిలేయొద్దు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే ఈ జబ్బు చాలామంది పిల్లలకు మందుతో తగ్గుతది. మళ్లీ మళ్లీ రావచ్చు కాబట్టి మందు మధ్యలో ఆపొద్దు.

8. ఆయాసం, గుండెల్లో నొప్పి, మూత్రం ఆగిపోవడం, మత్తుగా ఉండటం, ఫిట్స్, ఒక్క కాలే నొప్పితో గబుక్కున ఉబ్బడం, వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. 108.

"చెప్పడం సులువే" అనేవాళ్లకు

నిజమే. ఒక రోజు ఆసుపత్రికి పోతే ఒక రోజు కూలి పోతది. తోడు వచ్చినోళ్ల కూలి కూడా పోతది. ఆర్ఎంపీ అర్ధరాత్రి పిలిచినా బండేసుకుని వస్తాడు, అప్పు పెడతాడు, మన గుడిసెలో మన మంచం మీద కూర్చుని చెయ్యి పట్టి చూస్తాడు. పెద్ద ఆసుపత్రిలో మనల్ని దూరంగా నిలబెట్టి కసురుకునేవాళ్లను మేమూ చూశాం. ఆధార్ కార్డు లేక, రేషన్ కార్డు లేక ఆరోగ్యశ్రీ మాటే ఎత్తలేని యానాది కుటుంబాలు ఇంకా ఉన్నాయి. కాబట్టి ఆర్ఎంపీ దగ్గరికి పోతున్నారని మనోళ్లను తిట్టడం మాకు ఇష్టం లేదు. ఆయన దగ్గరున్న ప్రేమ ప్రభుత్వం దగ్గర, ప్రభుత్వం దగ్గరున్న పరీక్ష మన గడప దగ్గర ఉండాలి. అదే మా డిమాండ్.

ఆ డిమాండ్లు ఇవి. గ్రామ హెల్త్ క్లినిక్‌లో, 104 బండిలో మూత్రం స్ట్రిప్పులు ఎప్పుడూ ఉండాలి. ముప్పై దాటిన ప్రతి గిరిజనుడికీ ఏడాదికి ఒకసారి కాలనీలోనే బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, మూత్రం చూసి కాగితం చేతికి ఇవ్వాలి. నెల్లూరులో యానాదుల కోసం ఉన్న ఐటీడీఏ ఆ కాలనీల జాబితా తీసి, ఆరోగ్య శాఖతో తారీఖులు వేయించాలి. ప్రతి గిరిజన హాస్టల్లో ఒక బీపీ మిషను, ఒక తూకం, ఒక డబ్బా స్ట్రిప్పులు పెట్టాలి. వీటికి కొత్త బిల్డింగులు అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు.

మన పని కూడా ఉంది. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు గ్రూపులో ప్రతి ఒక్కరం మూడు చూద్దాం. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె కార్డులో ఆల్బుమిన్ గడి నిండిందా. రోజూ నొప్పి బిళ్ల మింగే పెద్దోళ్లు ఎవరు. ఎవరి కాలి మీద నొక్కితే గుంట పడుతుంది. ఆ ముగ్గురినీ ఏఎన్ఎం దగ్గరికో, పీహెచ్‌సీకో వెంటబెట్టుకుని పోయి, "ముందు మూత్రం, బీపీ చూడండి" అని మనమే నోరు తెరిచి అడుగుదాం. స్ట్రిప్పులు లేవంటే ఏ తారీఖున, ఏ ఊళ్లో లేవన్నారో రాసి కింద కామెంట్ పెట్టండి. పేర్లు వద్దు, మనిషిని నిందించొద్దు. ఊరు, తారీఖు చాలు. యాభై ఊళ్ల లెక్క చేరితే ఆ కాగితం పట్టుకుని కలెక్టరాఫీసు గ్రీవెన్సుకు అందరం కలిసి సోమవారం పోదాం.